కంటైనర్ నంబర్‌లో చివరి అంకె

మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లో దిగే ప్రతి కంటైనర్ ఒంటి మీదా ఒక నంబర్ రాసి ఉంటుంది. మొదట నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, వాటి వెనక ఆరు అంకెలు, చివర చిన్న గడిలో విడిగా ఇంకో అంకె. ముందున్న పదింటినీ లెక్క కడితే వచ్చేది ఆ చివరి అంకె. ఆఫీసులో ఎవరైనా 5 కొట్టాల్సిన చోట 6 కొడితే లెక్క పొసగదు, పొరపాటు అక్కడే దొరికిపోతుంది. ఐఎస్ఓ 6346 అనే ప్రమాణం ప్రకారం లోకమంతా ఇదే పద్ధతి. ఇరవై అడుగుల పెట్టెల లెక్కన చూస్తే ఏడాదికి కోటీ ముప్పై లక్షలకు పైగా కంటైనర్లు వచ్చిపోయే రేవు మాది. ఈ ఒక్క అంకె ఎన్ని చిక్కుల్ని ఆపుతుందో ఇక్కడ పనిచేసేవాళ్ళకి బాగా తెలుసు.

మా వీధిలో ఒకావిడ పదిహేనేళ్ళుగా ఫార్వర్డింగ్ ఆఫీసులో పనిచేస్తోంది. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. నలభై దాటాయి. ఎక్సెల్ వేళ్ళకి వచ్చు గానీ ప్రోగ్రాం అనేది జన్మలో రాయలేదు. రోజూ వచ్చే లిస్టుల్లో తప్పు నంబర్లని ముందే ఏరెయ్యాలని ఆవిడ కోరిక. ఏఐని మలయ్‌లో అడిగింది. నిమిషం తిరక్కుండా పైథాన్ ప్రోగ్రాం వచ్చింది, ఎలా నడపాలో కూడా చెప్పింది. నడిపితే లిస్టులో ఉన్న నంబర్లు దాదాపు అన్నీ తప్పని చూపించింది. లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చి ఒకటే మాట అడిగింది.

"లిస్టు తప్పా అన్నయ్యా, ఇది తప్పా?"

కొత్తగా కోడ్ నేర్చుకునేవాళ్ళు ఏఐ సాయం తీసుకోవచ్చా, తీసుకుంటే చదువు వస్తుందా చెడుతుందా అని కొన్నేళ్ళుగా చర్చ సాగుతోంది. పరిశోధనలు వచ్చాయి, ఒకదానికొకటి ఎదురు చెప్పుకున్నట్టు కనిపించాయి. వాటన్నిటినీ ఆవిడ అడిగిన ప్రశ్నతో కలిపి చదివితే అవి చెప్పేది ఒక్కటేనని నాకు తోచింది. మొదలుపెట్టాలా వద్దా అని జంకుతున్నవాళ్ళ కోసం దాన్ని వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ నంబర్ సంగతి. ఇద్దరం కాగితం తీసుకుని కూర్చున్నాం. ఈ ప్రమాణం నేర్పేటప్పుడు మామూలుగా చూపించే ఉదాహరణ ఒకటుంది. అక్షరాలు సీ, ఎస్, క్యూ, యూ, అంకెలు 305438, చివరి గడిలో 3. అక్షరాలకి విలువలు ఇవ్వాలి. ఏకి 10, బీకి 12, సీకి 13. చివర భాగించేది 11తో కాబట్టి 11, 22, 33 అనే విలువలు ఏ అక్షరానికీ ఇవ్వరు, దాటేస్తారు. అలా చూస్తే సీ 13, ఎస్ 30, క్యూ 28, యూ 32. మొదటి గడిని ఒకటితో, రెండోదాన్ని రెండుతో, ఆపైన 4, 8, 16 అని రెట్టిస్తూ పదో గడిని 512తో గుణించాలి. అన్నీ కూడితే 6185. పదకొండుతో భాగిస్తే మిగిలేది 3. గడిలో ఉన్నదీ 3. అదే నంబర్ ఆవిడ ప్రోగ్రాంకి ఇస్తే 7 అంది. కోడ్‌లోకి చూశాం. ఏకి 10, బీకి 11, సీకి 12 అని వరసగా ఇచ్చుకుంటూ పోయింది. దాటెయ్యాల్సిన చోట దాటలేదు. మొత్తం 6156 అయింది, శేషం 7.

లిస్టు తప్పు కాదు. అంతవరకు తేలాక ఆవిడ నన్ను పక్కకి జరగమని, తనే టైప్ చేసి ఏఐకి చెప్పింది. అది సరిచేసి ఇచ్చింది. ఇక లేస్తుందనుకున్నాను. లేవలేదు. "శేషం పది వస్తేనో? గడిలో పట్టేది ఒక్క అంకేగా" అంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. పది వస్తే సున్నా వేస్తారు. కోడ్‌లో ఆ ఏర్పాటు ఉందో లేదో ఆవిడే వెతికింది, ఆవిడే రాసింది. రెండు వరసలు. జీవితంలో తను సొంతంగా రాసిన మొదటి కోడ్ అదే.

ఇందులో ఎవరి పాలు ఎంత? కోడ్‌లో ముప్పాతిక ఏఐదే. కానీ ఫలితం తప్పని అనుమానించింది ఆవిడ. రేవులో అన్ని నంబర్లూ ఒకేసారి తప్పు కావని పదిహేనేళ్ళ పని ఆవిడకి చెప్పింది. కంప్యూటర్ డిగ్రీ ఉండి, రేవు మొహం చూడనివాడికి ఆ అనుమానం రాకపోవచ్చు. కొత్తవాళ్ళు తమ దగ్గర ఏమీ లేదనుకుని మొదలుపెడతారు. ఎంత ఉందో వాళ్ళకి తెలియదు.

సాయంతో రాసే కోడ్ సొంతం కాదనే మాట ఈనాటిది కాదు. 1952లో గ్రేస్ హాపర్ ఏ-0 అనే తొలి కంపైలర్‌ని తయారుచేసినప్పుడు యంత్రం తనకు తానుగా ప్రోగ్రాం కూర్చుకోగలదంటే చాలామంది నమ్మలేదు. ఇవాళ కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే పనిముట్టు, వాడేవాడిని ఎవరూ తప్పుపట్టరు. అయితే ఏఐని కంపైలర్‌తో పోల్చడం పూర్తిగా కుదరదు. కంపైలర్‌కి రాసింది రాసినట్టే చెయ్యడం తెలుసు. ఏఐ మనం చెప్పని చోట ఊహించి నింపుతుంది. బీకి 11 ఇచ్చింది కూడా అలాంటి ఊహే.

కోడ్ రాసిపెట్టే ఏఐ గిట్‌హబ్ కోపైలట్ 2021 జూన్‌లో పరీక్షగా బయటికి వచ్చింది. 2022 మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళూ, వాళ్ళతో పనిచేసిన మరికొందరు పరిశోధకులూ ఒక ప్రయోగం ఫలితం ప్రచురించారు. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ పరీక్షల్ని కోపైలట్ వెనకున్న కోడెక్స్ చేత రాయించారు. 71 మంది విద్యార్థుల పక్కన నిలబెడితే దానికి 17వ స్థానం వచ్చింది. అప్పటికి చాట్‌జీపీటీ పుట్టనే లేదు. అది ఆ ఏడాది నవంబరు 30న వచ్చింది. దాంతో ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పేవాళ్ళలో గుబులు మొదలైంది. ఇంటికిచ్చిన లెక్క యంత్రమే చేసేస్తే పిల్లలు నేర్చుకునేదేమిటి? న్యాయమైన గుబులే.

దానికి జవాబు వెతికిన వాటిలో నాకు బాగా నచ్చింది కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ళు చేయించి 2023లో ప్రచురించిన ప్రయోగం. పదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ దాకా వయసున్న పిల్లలు 69 మంది. ఎవరూ పైథాన్ ముట్టుకున్నవాళ్ళు కాదు. 45 లెక్కలిచ్చారు. సగం మందికి కోడెక్స్ తోడిచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. తోడున్నవాళ్ళు 1.15 రెట్లు ఎక్కువ పూర్తిచేశారు, మార్కులు 1.8 రెట్లు వచ్చాయి. ఇది ఎవరైనా ఊహించగలిగేదే. అసలు సంగతి దీని వెనక ఉంది. ఒక్కో లెక్క అయ్యాక అదే కోడ్‌ని కొంచెం మార్చమన్నారు, ఈసారి ఏఐ లేకుండా, చేత్తో. అక్కడ తోడు అలవాటైన పిల్లలు వెనకబడలేదు. వారం తర్వాత ఏ సాయమూ లేకుండా పెట్టిన పరీక్షలోనూ వెనకబడలేదు. పిల్లల ప్రోగ్రామింగ్ ఆట స్క్రాచ్‌లో ముందే గట్టిగా ఉన్నవాళ్ళైతే, ఏఐ తోడు దొరికినందువల్ల ఆ పరీక్షలో ఇంకా మెరుగ్గా చేశారు.

ఈ చివరి మాట మలేషియా తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ 2017 నుంచి గణన ఆలోచనని (కంప్యూటేషనల్ థింకింగ్) బడి పాఠాల్లో కలిపారు. ఆ ఏడాదే ఫారం 1లో, అంటే సెకండరీ బడి మొదటి ఏడాదిలో, అసాస్ సైన్స్ కొంపూటర్ అనే పాఠ్యాంశం మొదలైంది. బొమ్మ పెట్టెల్లా ఉండే ముక్కల్ని ఒకదానికొకటి తగిలించి పిల్లిని నడిపించే స్క్రాచ్‌ని చూసి ఆటగా కొట్టిపారేసే పెద్దలు నాకు తెలుసు. ఆ ఆటలోనే 'ఇది జరిగితే అది చెయ్యి' అనే తర్కం పిల్లల తలకెక్కుతుంది. తర్వాత ఏఐ రాసిచ్చిన కోడ్ చదవడానికి పనికొచ్చేది ఆ తర్కమే.

రెండో వైపు కూడా చూడాలి. తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు పిల్లలతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది, 2024లో బయటికి వచ్చింది. అది లెక్కల మీద, కోడ్ మీద కాదు. అయినా మన ప్రశ్నకి దగ్గరగా వస్తుంది. మామూలు చాట్‌బాట్ ఇచ్చిన పిల్లలు అభ్యాసంలో 48 శాతం మెరుగయ్యారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు అది లేనే లేని పిల్లలకన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. మూడో గుంపుకి జవాబు నేరుగా చెప్పకుండా సూచనలిచ్చేలా దిద్దిన చాట్‌బాట్ ఇచ్చారు. వాళ్ళు అభ్యాసంలో 127 శాతం మెరుగయ్యారు, పరీక్షలో ఆ నష్టం దాదాపుగా కనబడలేదు. వెనకున్న ఏఐ ఒకటే, అడిగే తీరూ చెప్పే తీరూ మారాయి.

2024లోనే ఇంకో చిన్న అధ్యయనం, కేవలం 21 మంది కొత్త విద్యార్థులతో. పక్కన కూర్చుని, కళ్ళు తెర మీద ఎటు తిరుగుతున్నాయో కూడా కొలిచారు. 21 మందిలో 20 మంది లెక్క పూర్తిచేశారు. పైకి చూస్తే అందరూ గెలిచినట్టే. దగ్గర్నుంచి చూస్తే కొందరు తమకి తెలిసిన దారిలోనే ఏఐని వాడుకుని వేగంగా పోయారు. మిగతావాళ్ళు అది చూపించిన దారల్లా పట్టుకుని తడబడి, చివరికి ఎలాగో పూర్తిచేసి, తమకి వచ్చేసిందనుకున్నారు. ఆ భ్రమే నాకు భయం కలిగించేది. తనకి రాదని తెలిసినవాడు నేర్చుకుంటాడు.

ఈ భ్రమ కొత్తవాళ్ళకే పరిమితం కాదు. 2025లో మెటర్ అనే పరిశోధనా సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లకి వాళ్ళ సొంత ప్రాజెక్టుల్లోనే 246 పనులిచ్చింది. ఏఐ వాడిన పనులకి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పనంతా అయ్యాక కూడా వాళ్ళు మాత్రం 20 శాతం త్వరగా చేశామనే అనుకున్నారు. వేగంగా పోతున్నామన్న భావనని నమ్మకూడదని దీని అర్థం. మీకు కోడ్ కుదరక గంట పట్టిందంటే మీరు మందకొడి అనుకోవద్దు. ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకీ పడుతుంది.

ఇక నా మాట. టొరంటో పిల్లలు ఏఐ రాసిన కోడ్‌ని వెంటనే తమ చేత్తో మార్చాల్సి వచ్చింది. తుర్కియేలో నష్టపోయిన పిల్లలకి ఆ అవసరం రాలేదు, జవాబు ఎక్కించుకుని పక్క లెక్కకి వెళ్ళిపోయారు. మా వీధి చెల్లెమ్మ ఫలితాన్ని కంటైనర్ మీది అంకెతో పోల్చి చూసింది. జవాబు సరైందో కాదో తేల్చే పని మన దగ్గర ఉన్నంతకాలం ఏఐ ఎంత రాసినా చదువు మనకే వస్తుంది. ఆ పని కూడా దానికే అప్పగిస్తే మిగిలేది కాపీ. అందుకే మొదలుపెట్టేవాళ్ళకి నేనిచ్చే సలహా ఒకటే. జవాబు మీకు ముందే తెలిసిన పనితో మొదలుపెట్టండి. ఇంటి కరెంటు బిల్లు, చీటీల వాయిదాలు, దుకాణం సరుకు లెక్క, ఏదైనా సరే. గత నెల లెక్క మీ నోటుబుక్కులో ఉంది. ప్రోగ్రాం అదే అంకె చూపించాలి. చూపించకపోతే అక్కడ చదువు మొదలవుతుంది.

అడిగే తీరు కూడా నేర్చుకోవాల్సిందే. 'రాసిపెట్టు' అని అడిగితే రాసిపెడుతుంది. 'ఈ వరస తీసేస్తే ఏమవుతుంది', 'దీన్ని నాకు తెలిసిన మాటల్లో చెప్పు', 'జవాబు చెప్పకు, తప్పు ఏ వరసలో ఉందో మాత్రం చెప్పు' అని కూడా అడగొచ్చు. హార్వర్డ్‌లో సీఎస్50 పాఠం చెప్పే డేవిడ్ మలాన్ బృందం 2023లో ఇలాంటిదే విద్యార్థుల చేతికిచ్చింది. ప్రోగ్రామర్లు బల్ల మీద రబ్బరు బాతు పెట్టుకుని, దానికి తమ కోడ్ వివరిస్తూ తప్పు పట్టుకోవడం పాత అలవాటు. ఆ బాతుకే నోరిచ్చారు. నేరుగా పరిష్కారం ఇవ్వకుండా దారి చూపించేలా దాన్ని తీర్చారు. ఏ చాట్‌బాట్‌నైనా మొదటి మాటలోనే మనమూ అలా కట్టడి చెయ్యొచ్చు.

మనుషుల తోడు కూడా కావాలి. క్లాంగ్ నుంచి ఫెడరల్ హైవే మీద కౌలాలంపూర్ వెళ్ళే దారిలోనే బండార్ సన్‌వే ఉంది. అక్కడ 2021లో 42 కేఎల్ అనే కోడింగ్ బడి మొదలైంది. 2013లో పారిస్‌లో పుట్టిన 42 బడికి ఇది కొమ్మ. పాఠం చెప్పే పంతులు ఉండడు, విద్యార్థులే ఒకరి కోడ్‌ని ఒకరు చదివి, ప్రశ్నలు వేసి, మార్కులు వేస్తారు. నీ కోడ్‌లో ఈ వరస ఎందుకుంది అని పక్కవాడు అడిగితే 'ఏఐ చెప్పింది' అనే జవాబు నిలవదు. ఊళ్ళో ముగ్గురు కలిసి శనివారం ఒక గంట ఇలా కూర్చున్నా సగం బడి అయినట్టే.

పనిముట్ల ఖర్చు అడ్డం కాదు. గూగుల్ కోలాబ్‌లో పైథాన్‌ని బ్రౌజర్‌లోనే ఉచితంగా నడపొచ్చు, పాత లాప్‌టాప్ చాలు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఆఫీసు లిస్టుల్ని, మనుషుల పేర్లూ ఫోన్ నంబర్లతో సహా, చాట్‌బాట్‌లో పొయ్యకండి. మలేషియాలో 2010 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది. పరీక్షకి ఉత్తుత్తి పేర్లు చాలు. రెండోది, ఫలానా ప్యాకేజీ, అంటే ఇంకొకరు రాసిపెట్టిన కోడ్ కట్ట, ఇన్‌స్టాల్ చేసుకో అని ఏఐ చెబితే అది నిజంగా ఉందో లేదో చూసుకోండి. 16 రకాల ఏఐల చేత 5,76,000 కోడ్ నమూనాలు రాయించి చూసిన ఒక అధ్యయనంలో, అవి చెప్పిన ప్యాకేజీల్లో దాదాపు అయిదో వంతు లోకంలోనే లేవు. అలాంటి పేరుతో ఎవడో దొంగ ప్యాకేజీ పెట్టి కాచుకుని ఉండొచ్చు.

ఉద్యోగాల మాట దాటవేస్తే మోసం చేసినట్టవుతుంది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు అమెరికా జీతాల లెక్కలు చూసి 2025 ఆగస్టులో చెప్పిన ప్రకారం, 22 నుంచి 25 ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సంఖ్య 2022 చివర్లో ఉన్న ఎత్తు నుంచి దాదాపు 20 శాతం పడిపోయింది. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సు చేసి నేరుగా ఉద్యోగంలో చేరిన తరం చూసిన రోజులు ఇకపై అంత సులువుగా రావు. ఉద్యోగం ఒక్కటే లక్ష్యంగా నేర్చుకునేవాళ్ళకి నేను భరోసా ఇవ్వలేను. కానీ పనిలో ఉన్నవాళ్ళు తమ పని కోసం నేర్చుకోవడం వేరు. రేవు గుమాస్తా, నర్సు, బడి పంతులు, దుకాణదారు, వీళ్ళకి కోడ్ అదనపు చెయ్యి. ఆ చెయ్యి ఇంత చవగ్గా ఎప్పుడూ దొరకలేదు.

భాష సంగతితో ముగిస్తాను, అది నా మనసుకి దగ్గరిది. మలేషియా ప్రభుత్వం 2024 జనవరిలో 'ఏఐ ఉంతుక్ రక్యాత్', అంటే జనం కోసం ఏఐ, అనే ఉచిత పాఠం పెట్టింది. మలయ్, ఇంగ్లీషు, చైనీస్, తమిళం, నాలుగు భాషల్లో ఉంది. తెలుగులో లేదు. తోటల్లో పనికి వచ్చిన మన పూర్వీకుల పిల్లల్లో చాలామంది తమిళ బడుల్లోనే చదివారు, తెలుగు ఇంట్లో నిలిచింది. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నా, 1981లో కౌలాలంపూర్‌లోనే రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరుపుకున్నా, ఆ పరిస్థితి పెద్దగా మారలేదు. అందుకని ఏఐతో తెలుగులో మాట్లాడొచ్చని తెలిసిన రోజు మా మేనకోడలు ఎగిరి గంతేసింది.

ఫారం 2 చదువుతోంది. శనివారాలు నా దగ్గర తెలుగు నేర్చుకుంటుంది. ఒక శనివారం పైథాన్‌లో మాట పొడవు చెప్పే లెన్ అనే ఆదేశానికి తెలుగులో 'క్లాంగ్' అని రాసి ఇచ్చింది. 7 అని వచ్చింది. "మావయ్యా, రెండక్షరాలే కదా!" అంది. ఛందస్సు లెక్కలో పొల్లు ముందక్షరంలో కలిసిపోయి ఒకటే అవుతుంది, అది వేరే సంగతి. చూపుకి మాత్రం రెండే. ఎందుకలా వచ్చిందని ఏఐని తెలుగులోనే అడిగింది. కంప్యూటర్ క, పొల్లు గుర్తు, ల, దీర్ఘం, సున్నా, గ, మళ్ళీ పొల్లు గుర్తు అని విడివిడిగా దాచుకుంటుందని, అవి ఏడని చక్కగా చెప్పింది. మనకి కనిపించే అక్షరాల్ని లెక్కపెట్టే పద్ధతి ఒకటి ఇచ్చింది. నడిపితే ఈసారి 3 వచ్చింది. క్ వేరు, లాం వేరు, గ్ వేరు అని చూసింది అది. వత్తుతో కూడిన అక్షరాన్ని ఒకటిగానే పట్టాలన్న నియమం తెలుగుకి 2023 సెప్టెంబరు నాటి యూనికోడ్ 15.1తో గానీ ఆ ప్రమాణంలో చేరలేదు. పాత పనిముట్లకి అది తెలియదు.

"రెండు రావాలి" అని పట్టుబట్టింది మా పిల్ల. ఏఐ ఇంకో రెండు పద్ధతులు చెప్పింది, అవీ కుదరలేదు. అప్పుడు నోటుబుక్కు తీసి, నేను నేర్పిన గుణింతాలూ వత్తులూ ముందేసుకుని తనే నియమం రాసుకుంది. గుణింతం గుర్తు వస్తే లెక్కపెట్టకు. సున్నా వస్తే లెక్కపెట్టకు. పొల్లు గుర్తు వస్తే లెక్కపెట్టకు, దాని వెంటనే హల్లు వస్తే అది వత్తు, దాన్నీ లెక్కపెట్టకు. మిగతావన్నీ ఒక్కొక్కటి. ఈ నాలుగు మాటల్నీ ఏఐకి చెప్పి కోడ్‌గా మార్చమంది. ఒక్కో వరసా తన నోటుబుక్కుతో సరిచూసుకుంది. నడిపితే 2 వచ్చింది.

తర్వాత 'శ్రీకాకుళం' అని కొట్టింది. మా ముత్తాతలు ఓడ ఎక్కింది ఆ ప్రాంతం నుంచే. మొదటి పద్ధతి 10 అంది, రెండోది 5 అంది. తన పద్ధతి 4 అంది. అయినా ఊరుకోలేదు, వేళ్ళు మడుస్తూ పైకే లెక్కపెట్టింది: శ్రీ, కా, కు, ళం.